గొంగడవ్వ ఇంటికి నా తోలుసంచి పోయిన రోజు

ఆ రోజుల్లో డాక్టరు ఇంటికి రావడమంటే మాటలు కాదు. ఇప్పుడు మా వీధిలోకి డాక్టరు కారు వస్తే కుక్క కూడా తల ఎత్తి చూడదు. ఆయన వస్తాడు, నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తాడు, ఉప్పు తగ్గించమంటాడు, మా ఆవిడ ఇచ్చిన చాయ్ సగం తాగి వెళ్ళిపోతాడు. పక్కింటివాళ్ళకు ఆయన వచ్చిన సంగతీ తెలియదు, పోయిన సంగతీ తెలియదు. నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న కాలంలో, నేను మీసానికి నూనె రాసి మెలితిప్పుకునే వయసులో, డాక్టరు ఒక ఇంటి గడప తొక్కాడంటే మూసీకి ఇవతలి ఊళ్ళూ అవతలి ఊళ్ళూ ఏకమయ్యేవి. అదెందుకో తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ పూట కథ మా తమ్ముడికి మహా ఇష్టం. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి విన్నట్టే నవ్వేవాడు. ఈ మధ్య వాడు నా దగ్గరికి రావడం మానేశాడు గనుక (ఆ సంగతి తర్వాత చెబుతాను) మీకు చెప్పుకుంటున్నాను.

నేను పుట్టింది నల్లగొండ జిల్లాలోనే అయినా, మేనమామ ఇంట్లో ఉండి పెరిగిందీ చదివిందీ పట్నంలో. పల్లెటూరి పద్ధతులు నాకు తెలుసుననే అనుకునేవాణ్ణి. తెలియదని తెలియడానికి ముందు అందరికీ అలాగే ఉంటుంది. చదువు కాగానే రామన్నపేట వైపు ఒక చిన్న సర్కారు దవాఖానాకు వేశారు. ఆలేరు స్టేషన్లో రైలు దిగి, ఎడ్లబండిలో దుమ్ము మింగుకుంటూ పోయాను. నా ఆస్తి మొత్తం రెండు వస్తువులు. ఒకటి, మా నాయిన ముచ్చటపడి చేయించిన తోలుసంచి. రెండోది, ఎండ తగలకుండా తెల్లదొరలు పెట్టుకునేలాంటి బెండు టోపీ. ఆ టోపీ నా తలకు కాస్త పెద్దది. గాలి వస్తే ఒక చేత్తో పట్టుకోవాలి. అయినా అద్దంలో చూసుకుంటే నాకు నేనే పెద్ద డాక్టరులా కనిపించేవాణ్ణి. దారి పొడుగునా నేను కన్న కల ఒకటే. ఎవరో పరుగున వచ్చి పిలుస్తారు, నేను సంచి పట్టుకొని వెళ్తాను, ఇంటిల్లిపాదీ చేతులు జోడించి నిలబడతారు, నేను గంభీరంగా నాడి పట్టుకుంటాను.

దవాఖానాకు జనం బాగానే వచ్చేవారు. గజ్జి, చలిజ్వరం, చెవిపోటు, తేలు కాటు, అన్నీ తమ కాళ్ళతో తామే నడిచివచ్చేవి. కానీ నెలలు గడిచినా ఒక్కరు కూడా "జర మా ఇంటిదాక రా" అన్న పాపాన పోలేదు. నేను రోజూ పొద్దున్నే సంచి సర్దుకునేవాణ్ణి, సాయంత్రం విప్పేవాణ్ణి. దవాఖానాలో నాకు తోడు ఒక్క కంపౌండరు. గడ్డం నెరిసిన మనిషి, అందరికీ చాచా. ఆయనతో ఒకరోజు నా గోడు వెళ్ళబోసుకున్నాను. చాచా సీసాలోకి మందు పోస్తూనే, "అచ్ఛా బాతే గద సాబ్. పిలువకుంటేనే అందరికి మంచిది" అన్నాడు. నేను వెళ్తే తనూ కదలాల్సి వస్తుందని ఆయన బద్ధకం కొద్దీ అలా అంటున్నాడనుకున్నాను.

అలా ఉండగా ఒక ఎండాకాలం పొద్దున, గొంగడి భుజాన వేసుకున్న గొల్లాయన ఒకడు దవాఖానా ముందు నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. పక్క ఊరి గొంగడవ్వ పెద్దకొడుకు. (ఆమె వడికిన ఉన్నితో నేసిన గొంగడిలోంచి వాన చుక్క దిగదని చుట్టుపక్కల పేరు. అందుకే ఆమె అసలు పేరు అందరూ మరిచిపోయారు.)

"దాక్తరు సాబూ, మా అమ్మ నిన్ను తోలుకరమ్మన్నది" అన్నాడు.

"ఏమైంది?"

"ఏమో అయ్యా. పొద్దుగాల పండుకున్నది, లేస్తలేదు. దాక్తర్ను పిలువుపో అన్నది. గంతే." అని అతను గొంగడి కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.

నా గుండె సంతోషంతో గంతులేసింది. ఒకరి తల్లికి బాగా లేకపోతే సంతోషమేమిటని మీరు అడగవచ్చు. కొత్త డాక్టర్లు అలాగే ఉంటారు, ఏం చేద్దాం. చాచా మాత్రం నన్ను పక్కకు పిలిచి, "సాబ్, టోపీ ఇడిసిపెట్టు. సంచి గోనెల వేసుకొని పో. బండి ఊరి బయట ఆపి, ఎనకదిక్కుకెల్లి నడుసుకుంట పో" అన్నాడు. దొంగతనానికి వెళ్తున్నట్టు ఎందుకు వెళ్ళాలి? ఆ మాటే అన్నాను. చాచా ఇంకేదో చెప్పబోయి, నా మొహం చూసి, నవ్వి ఊరుకున్నాడు. నేను టోపీ పెట్టుకొని, సంచి అందరికీ కనిపించేలా ఒళ్ళో పెట్టుకొని, పటేలు గారి సవారి బండి అడిగి తెప్పించుకొని మరీ బయలుదేరాను.

ఆ ఊరి పొలిమేర చేరేసరికి నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. మోట తోలుతున్నవాళ్ళు ఎడ్లను ఆపి, తలపాగాలు తీసి చేతిలో పట్టుకున్నారు. బావి దగ్గరి ఆడవాళ్ళు బిందెలు దింపేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను టోపీ తాకి అందరికీ సలాములు చేస్తూ పోయాను. వీధిలోకి మళ్ళాక చూద్దును గదా, ఇంటింటా పొయ్యి వెలుగుతోంది. అది వంట వేళ కాదు. అయినా ప్రతి కప్పు మీంచీ పొగ లేస్తోంది. ఆడవాళ్ళు పరుగుల మీద నీళ్ళు మోస్తున్నారు, పిల్లల్ని రెక్క పట్టి లాక్కెళ్ళి కంచాల ముందు కూర్చోబెడుతున్నారు. డాక్టరు వచ్చాడని ఊరు ఊరంతా నా కోసం వండుతోందని నేను మురిసిపోయాను. ఇంత అన్నం ఎలా తినగలనని కాస్త దిగులు కూడా పడ్డాను.

ఇంతలో భుజాన గొడ్డలి పెట్టుకున్న ఒకాయన బండికి ఎదురొచ్చి వినయంగా నిలబడ్డాడు. "అయ్యా, కట్టెలు కొట్టాల్నా, జర ఆగాల్నా?" అని అడిగాడు.

నా విందు కోసం పాపం ఇంత శ్రమ పడుతున్నారే అనుకున్నాను. పెద్దమనసుతో, "కొట్టు, ఆగుడెందుకు? మంచిగ ఎండిన కట్టెలే కొట్టు" అన్నాను.

అతను తల వంచుకొని వెళ్ళిపోయాడు. నా వెనక ఒక ఆడగొంతు సన్నగా ఏడుపు ఎత్తుకుంది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి వీధంతా ఏడుపే. ఇద్దరు పడుచువాళ్ళు ధోవతులు ఎగజెక్కి చెరో దిక్కుకు ఉరికారు.

ఇప్పుడు మీకు చెబుతున్నాను గానీ, అప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఆ ఊళ్ళల్లో మనిషికి జబ్బు చేస్తే ముందు పసరు పోస్తారు. తగ్గకపోతే తాయెత్తు కడతారు. తర్వాత దేవరకు మొక్కుతారు, దర్గాకు పోయి నెమలీకలతో కొట్టించుకుంటారు. కాస్త ఓపిక ఉంటే దవాఖానాకు నడిచొస్తారు. మనిషి దవాఖానాకు పోతే తప్పు లేదు. దవాఖానాయే మనిషి దగ్గరికి వచ్చిందంటే ఇక మిగిలింది ఏమీ లేదని అర్థం. డాక్టరు సంచి ఇంట్లోకి పోయిందంటే చుట్టాలకు కబురు పోవాల్సిందే. మనిషి పోతే, వీధిలో పీనుగు ఉన్నంతసేపూ ఎవరింట్లోనూ పొయ్యి ముట్టించరాదు. అందుకని నా టోపీ కనిపించగానే తల్లులందరూ పిల్లల కోసం ఉరుకులాడి వండుకున్నారు. ఇక ఎండుకట్టెల సంగతి మీకు విడమరచి చెప్పక్కర్లేదు.

నేను గొంగడవ్వ ఇంట్లోకి పోయేసరికి ఆమె నడింట్లో గొంగడి మీద కళ్ళు మూసుకొని వెల్లకిలా పడుకొని ఉంది. కోడళ్ళిద్దరూ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తున్నారు. నేను పక్కన కూర్చోగానే ఆమె కళ్ళు తెరవకుండానే, "గొట్టం పెట్టి సూస్తడు, మీరంత బయిటికి పోండ్రి. తలుపు దగ్గరికెయ్యుండ్రి" అంది. చావుబతుకుల్లో ఉన్న మనిషి గొంతు అంత ఖంగున మోగడం నేను చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడా లేదు. కోడళ్ళు వెళ్ళాక ఆమె లేచి కూర్చుంది, కొప్పు సవరించుకుంది, నా వంక ఎగాదిగా చూసింది.

"గింత చిన్నోనివా? సర్లె. టోపీ మంచిగుంది" అంది.

"అవ్వా, నీకేమైంది?"

"నాకేమైతది బిడ్డా. పొద్దుగాల జొన్నరొట్టె తిన్న. ముంతెడు మజ్జిగ తాగిన."

"మరి నన్నెందుకు పిలిపించినవ్?"

"నువ్వొస్తె మా తమ్ముడొస్తడని."

ఆమె నింపాదిగా చెప్పుకొచ్చింది. తమ్ముడు మూసీ అవతలి ఊళ్ళో ఉంటాడు. పోటీ పొట్టేళ్ళను పెంచడంలో మొనగాడు, అందరూ పొట్టేలు తాత అంటారు. తల్లి పోతే ఆ తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచింది ఈ అక్కే. అక్క కూతురి పెండ్లికి మేనమామ గొర్రెను కానుకగా ఇవ్వడం వాళ్ళ ఆచారం. ఆయన ఆ గొర్రెకు పసుపు రాసి, మెడలో గంట కట్టి, డోలు కొట్టించుకుంటూ పందిట్లోకి తెచ్చాడట. గొంగడవ్వ ఎదురుపోయి, గొర్రె దవడ పట్టుకొని, నోరు తెరిచి, పండ్లు చూసిందట. సంతలో బేరం చేసేవాళ్ళు వయసు తెలుసుకోవడానికి అలా చూస్తారు. పందిరినిండా చుట్టాల ముందు, తమ్ముడు ఇచ్చిన గొర్రెకు.

"నేనేం కావాల్నని సూసిన్నా?" అంది అవ్వ. "పుట్టినకాడికెల్లి గొర్రెను జూస్తె చెయ్యి దవడ మీదికే పోతది. అలవాటు. వాడు గది సూసిండు. 'అక్కా, నేనిచ్చిన గొర్రె పండ్లు సూస్తవా? ఇగ నీ పీనుగ లేసే దినం వస్త. గప్పటిదాంక నీ గడప తొక్క' అన్నడు. అన్నం ముట్టకుంట పోయిండు. పోయినోడు పోయినట్టే."

"కబురు పంపకపోయినవా?"

"పంపిన. 'బతికే ఉన్నది గద' అని ఊకున్నడట."

నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "వాడు మాట మీద నిలవడె మనిషి. నేను సచ్చిననాడు తప్పకుంట వస్తడు, వచ్చి మస్తు ఏడుస్తడు. గని సచ్చినాంక వాడొస్తె నాకేం ఫాయిద బిడ్డా? వాని మొఖం నేను సూడాల్నా వద్దా? ఇయ్యాల నా దొడ్లె ఉన్న మందల సగం గా గొర్రె సంతానమే. గామాట వానికి నా నోటితోని జెప్పాలె."

ఆమె బాధ నాకు అర్థమైంది. నా బాధ మాత్రం ఆమెకు అర్థం కాలేదు. ఇది నా మొట్టమొదటి ఇంటి వైద్యం. బయటికి పోయి రోగం లేదంటే దారిలో ఉన్న తమ్ముడు దారిలోంచే తిరిగిపోతాడు. చనిపోతుందని చెప్పి, ఆమె సాయంత్రం మంద తోలుకొని పోతూ కనిపిస్తే నా పరువు ఏం కావాలి? "అవ్వా, నేను అబద్ధం చెప్పలేను" అన్నాను.

"నిన్ను అబద్ధమాడుమన్ననా? గొట్టం చెవులకు పెట్టుకొని సూస్తనే ఉండు. సూసెటోన్ని ఎవ్వలు ఏమడుగరు. అయినా కట్టెలు గొట్టుమని నువ్వే చెప్పినవట గద. కోడండ్లు గుసగుస పెట్టంగ విన్న. మంచిపని చేసినవ్."

అప్పుడు గాని నాకు ఆ గొడ్డలి మనిషి ప్రశ్న సమజు కాలేదు. ఊరు ఊరంతా విన్నాక, పట్నం డాక్టరు వైద్యం మొదలుపెట్టకముందే కట్టెలు కొట్టమన్నాడని పేరు వచ్చాక, ఇక పోగొట్టుకోవడానికి నా దగ్గర ఏముంది? స్టెతస్కోపు చెవులకు తగిలించుకున్నాను.

ఆ పొద్దు నేను విన్నంతసేపు ఒక మనిషి గుండెను ఏ డాక్టరూ విని ఉండడు. రోకటిపోటులా గట్టిగా, సమంగా కొట్టుకుంటోంది. తలుపు సందులోంచి ఎవరు తొంగిచూసినా నేను కళ్ళు మూసుకొని, నుదురు ముడిచి, గొట్టం అటు నుంచి ఇటు జరిపేవాణ్ణి. పెద్దకోడలు ఒకసారి వచ్చి, "అయ్యా, ఇంక ఉన్నదా?" అని అడిగింది. నేను వినపడనట్టు చెయ్యి ఊపాను. చిన్నకోడలు తులసినీళ్ళు తెచ్చి నోట్లో పోస్తే అవ్వ దాహంగా ఉందేమో గటగటా తాగేసింది. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. చెవులు నొప్పి పుడుతున్నాయి. అవ్వ నిజంగానే నిద్రపోయి గురక మొదలుపెట్టింది. అది స్టెతస్కోపులోంచి వినేసరికి ఇల్లు కూలుతోందనుకొని వెనక్కి పడ్డాను. బయట ఆ గురక విన్నవాళ్ళు "గొంతుల గురగుర మొదలైంది" అని ఇంకాస్త గట్టిగా ఏడ్చారు. అవ్వను గిల్లి లేపాను. "ఎహె, జర పండుకోనియ్యి" అంది.

అప్పటికి వాకిలి నిండిపోయింది. ఆలేరు వైపు చుట్టాలు బండ్లు కట్టుకొని వచ్చేశారు. ఎండుకట్టెలు వాకిట్లో పేర్చి ఉన్నాయి (చెప్పిన మాట వినడంలో ఆ గొడ్డలి మనిషిని మించినవాణ్ణి నేను చూడలేదు). అంతలో ఊరి బయటినుంచి ఒక ఏడుపు వినిపించింది. "ఓ అక్కా, నన్ను సాదిన అక్కా" అంటూ, గుండెలో ఏదో పెకిలించుకొని వస్తున్నట్టు. అవ్వ చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. స్టెతస్కోపులో రోకటిపోటు లయ తప్పింది. నేను ఆ పొద్దంతా విన్నవాటిలో రోగమనదగ్గది అదొక్కటే.

పొట్టేలు తాత వాకిట్లోకి వచ్చాడు. బక్కపలచటి ముసలాయన, మూసీ ఇసుకలో ఎర్రటెండన పరుగెత్తి వచ్చాడు, చంకలో ఒక బట్టల మూట. గడప దగ్గర ఆగాడు. ఆయన గడపకు దండం పెట్టి, దాటి, లోపలికి వచ్చి, అక్క పక్కన కూలబడ్డాడు. ఆయాసంతో మాట రావడం లేదు. మనిషి తూలుతున్నాడు. నాకు భయం వేసింది. ఇంతసేపూ రోగం లేని మనిషిని చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషికి వడదెబ్బ తగిలేలా ఉంది. అవ్వనూ ఆ గొర్రె పంచాయతీనీ మరిచిపోయాను. ఆయన నాడి పట్టుకున్నాను, మొహాన నీళ్ళు చల్లాను, గడ్డం కింద చెయ్యి వేసి, "తాతా, నోరు తెరువు" అన్నాను.

ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు మధ్యలో ఆపేశారు. నా చెయ్యి పొట్టేలు తాత దవడ మీద ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరి నోరూ తెరిపించకూడదని నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. కానీ చెయ్యి తీసే ధైర్యం కూడా లేదు.

ముసలాయన నా వంక చూశాడు. అక్క వంక చూశాడు. మెల్లగా నోరు తెరిచాడు. బయటనుంచి కనిపించని సంగతి లోపల బయటపడింది. ముందు పండ్లు ఒక్కటీ లేవు.

"అక్కా," అన్నాడు, "నువ్వు గూడ సూడరాదె? గొర్రెయి సూస్తివి గద. గిప్పుడు నాయి సూడు."

గొంగడవ్వ లేచి కూర్చుంది. తమ్ముడి దవడ పట్టుకొని, వెలుతురు వైపు తిప్పి, సంతలో చూసినట్టే చూసింది. "ఏడిసినవ్ తియ్యి" అంది. "నీకన్న గా గొర్రే నయముండె. దొడ్లె పోయి సూడు, సగం మంద దాని పిల్లలే. పండ్లు ఉండెరా దానికి. అన్ని ఉండె." ఆ చివరి మాట అంటూ ఆమె ఏడ్చేసింది. ఆయన ఆమె ఒళ్ళో తల పెట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

వాకిట్లో మాత్రం గొడవ వేరుగా ఉంది. పీనుగు లేచి కూర్చుందని పెద్దకోడలు కెవ్వుమంది, కట్టెల మీద కూర్చున్న గొడ్డలాయన ఎగిరి అవతల పడ్డాడు. అవ్వ బతికిందని రూఢి అయ్యాక, ఇన్ని ఊళ్ళ చుట్టాలు ఉట్టి చేతులతో, ఉత్త కడుపుతో తిరిగి పోవాలా అని కొందరు గొణిగారు. అప్పుడు వీధి అక్కరకొచ్చింది. పొద్దున నా టోపీ చూసి ప్రతి ఇంట్లో వండిన అన్నం అలాగే ఉంది. కుండలు కుండలుగా వాకిట్లోకి వచ్చింది. పెద్దకొడుకు దొడ్లోంచి ఒక పొట్టేలును తెచ్చాడు. ఎండుకట్టెలు కూడా వృథా కాలేదు. మంచిగా ఎండినవి గనుక కూర తొందరగా ఉడికింది.

భోజనాల దగ్గర కోడళ్ళు పొట్టేలు తాత మూట విప్పారు. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు ఆఖరి చీర తేవడం అక్కడి పద్ధతి. మామూలుగా ఏదో చవక నూలుచీర తెస్తారు. విప్పి చూస్తే మిరపపండు రంగు నారాయణపేట చీర, ఇంత వెడల్పు అంచు. "అయ్యో మామా, పీనుగ మీదికి నారాయణపేట చీర ఎవలన్న తెస్తరా?" అని పెద్దకోడలు బుగ్గలు నొక్కుకుంది. ముసలాయన "ఇంట్ల గదే చేతికి దొరికింది" అని ఎటో చూశాడు. చీర కొత్తదే గాని, మడతల దగ్గర రంగు వెలిసిపోయి గీతలు పడ్డాయి. ఎన్నో ఏళ్ళుగా పెట్టెలో మడత విప్పకుండా ఉంటే తప్ప అలా కాదు. అవ్వ ఆ మడతల మీద వేలితో రాస్తూ కూర్చుంది.

సాయంత్రం నా బండి వెంట పొట్టేలు తాత పొలిమేరదాకా నడిచి వచ్చాడు. నాకు కడుపులో దాచుకోవడం చేతకాక, "తాతా, మీ అక్కకు..." అని మొదలుపెట్టాను.

"ఏం రోగం లేదు. నాకెరికె" అన్నాడు. "మా అక్క నిజంగ పాణం మీదికొస్తె దాక్తర్ను పిలిచే మనిషా? ఎవలకు జెప్పకుంట మూలకు పండుకుంటది. దాక్తర్ను పిలిచిందన్నప్పుడే సమజైంది, మంచిగున్నదని."

"మరి గంత ఎండల ఎందుకు ఉరికొస్తివి?"

"పిలిచింది గద."

"గంత ఏడ్చినవ్?"

"ఏడుపు నిజమే అయ్యా. చానేండ్ల సంది నిలువున్నది." కాసేపు నడిచి మళ్ళీ అన్నాడు, "మాట గూడ తప్పలే. ఊరంత పీనుగ అన్నంకనే గడప తొక్కిన."

దవాఖానాకు చేరేసరికి చాచా నవ్వు ఆపుకోలేక మందు నూరే పొత్రం కిందపడేశాడు. కబురు నాకన్నా ముందే చేరింది. కట్టెలు పేర్చాక మనిషిని గొట్టం పెట్టి లేపి కూర్చోబెట్టిన డాక్టరని నా పేరు నాలుగు దిక్కులా పాకింది. కానీ ఆ పేరు తెచ్చిన పిలుపులు వేరు. "అయ్యా, మందు వద్దు. జర సంచి పట్టుకొని మా ఇంటిదాక వచ్చి పో. నా పెండ్లాం అలిగి తల్లిగారింటికి పోయింది" అని ఒకాయన. "మా అల్లుడు పండుగకు రాలే, నువ్వు వాకిట్ల కూసుంటే సాలు" అని ఒకామె. చాచా ప్రతివాళ్ళనూ కూర్చోబెట్టి, "సాబ్, టోపీ పెట్టుకో, కేసొచ్చింది" అనేవాడు.

కొన్నేళ్ళకు గొంగడవ్వకు నిజంగానే చలిజ్వరం ముదిరింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. పొట్టేలు తాతే వచ్చాడు దవాఖానాకు, గొంగడి ఒకటి నా చేతికిచ్చి, "అయ్యా, నువ్వు టోపీ పెట్టుకోని వస్తే ఊరు పొయ్యిలు ముట్టిస్తది. అక్క బెదురుతది. గిది కప్పుకొని రా" అన్నాడు. గొంగడి ముసుగేసుకొని, మందు సీసాలు నడుముకు కట్టుకొని, వెనక దారిన గొర్రెల దొడ్లోంచి ఇంట్లోకి దూరాను. గొర్రెలు నన్ను చూసి ఏమీ అనుకోలేదు గాని, వాళ్ళ కుక్క మాత్రం నా పిక్క కరిచి, ఊరంతా వినేలా మొరిగింది. అవ్వ ఒక కన్ను తెరిచి, "గొంగడి నాదే కప్పుకున్నవ్ గని, కాళ్ళకు బూట్లు ఇడువకపోతివా బిడ్డా" అంది. మందు తాగింది, లేచింది. ఆ చలికాలం నాకొక గొంగడి నేయించి పంపింది. ఇప్పటికీ నా మంచం మీద ఉంది.

ఇక మా తమ్ముడి సంగతి. మొన్న మా మనవడి పెళ్ళిలో వాడు ఒక గోడగడియారం తెచ్చి, నలుగురిలో నా చేతికి ఇచ్చాడు. ఎన్నేళ్ళు డాక్టరుగా చేసిన చెవో, ఏం చెయ్యను, చేతికి రాగానే దాన్ని చెవికి ఆనించి, కొట్టుకుంటోందో లేదో విన్నాను. వాడు అది చూశాడు. అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. అప్పటినుంచి రెండు వీధుల అవతల ఉన్న మనిషి ఇటు తొంగిచూడలేదు. నేను కబురు పంపితే, "బాగానే ఉన్నాడు గదా" అన్నాడట.

ఈరోజు డాక్టరు వచ్చే రోజు. ఉత్త బీపీ చూడటానికే. అయినా పొద్దున ఫోన్ చేసి, కారు సందులో కాకుండా పెద్దవీధిలో, తమ్ముడి ఇంటి ముందుగా తిప్పి తీసుకురమ్మన్నాను. సంచి చేతిలో పైకి పట్టుకొని దిగమన్నాను. ఆయన నా బుద్ధి మందగించిందనుకొని ఉంటాడు. మా ఆవిడ ఏమీ అనుకోలేదు. నేను గొంగడి కప్పుకొని, కళ్ళు మూసుకొని పడుకోవడం చూసి, వంటింట్లోకి వెళ్ళి, ఎసట్లో ఇంకొకరికి సరిపడా బియ్యం పోసింది.